అలర్ట్‌లు, ఎస్టీఆర్‌ల వల్ల నల్లడబ్బు, ఉగ్రవాద నిధులు నిజంగా దొరుకుతాయా?

అడిగినాయన గాజువాక వైపు ఒక బ్యాంకు బ్రాంచ్‌లో కొత్తగా చేరిన ఆఫీసరు. ఆయన బాధ కుదించి చెబితే ఇదీ: తేడాగా కనబడిన ఖాతాల మీద బ్యాంకు సిస్టమ్ రోజూ కుప్పలుగా అలర్ట్‌లు ఇస్తోంది, వాటిని క్లోజ్ చేయడమే పనైపోయింది. ఎస్టీఆర్‌లు, అంటే అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులు, పంపుతున్నారు గానీ వాటి గతి ఏమైందో ఎవరూ చెప్పరు. నేరం చేసినవాణ్ణి పోలీసులు పట్టుకుంటారు కదా, మధ్యలో ఈ డబ్బు లెక్కలు దేనికి? పైగా ఉగ్రవాదానికి వెళ్లే డబ్బు వేలల్లోనే ఉంటుందంటారు, అది ఎవరి కంటికి ఆనుతుంది?

సూటిగా చెప్పాలంటే, దొరుకుతాయండి. కాకపోతే అలర్ట్ వల్ల దొరకవు. ఆ అలర్ట్ చూసి ఒక మనిషి కుర్చీలోంచి లేచి, లెక్క సరిచూసినప్పుడు దొరుకుతాయి. ఇక డబ్బు లెక్కలు దేనికంటే, సరుకుతో దొరికేవాడు ఎప్పుడూ కింది మనిషే. పైవాడు సరుకు ముట్టుకోడు, ఫోన్ మార్చేస్తాడు, పేరు మార్చేస్తాడు. డబ్బు మాత్రం ఎక్కడో ఒకచోట చేత్తో తీసుకోక తప్పదు.

నా సంగతి రెండు ముక్కల్లో. 31 ఏళ్లు బ్యాంకు ఉద్యోగం, అందులో చివరి 9 ఏళ్లు విశాఖలోనే, అనుమానాస్పద లావాదేవీలు చూసే సీట్లో. రిటైరయ్యాక అప్పుడప్పుడు పోలీసు సిబ్బందికి బ్యాంకు స్టేట్‌మెంట్ చదవడం ఎలాగో క్లాసులు చెబుతున్నాను. కింద చెప్పే నా సొంత కేసుల్లో ఊళ్లు, అంకెలు, వ్యాపారాలు మార్చాను. గోప్యత రిటైర్మెంటుతో పోయేది కాదు.

మన ఏజెన్సీ గంజాయినే తీసుకోండి. నర్సీపట్నం దాటాక చెక్‌పోస్టులో ఒక వ్యాన్ దొరికింది. కింద గంజాయి, పైన కొబ్బరికాయలు. డ్రైవరు, క్లీనరు లోపలికి. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, 10 ఏళ్లకు తగ్గని శిక్ష. చార్జిషీటు వేస్తారు, ఫైలు మూస్తారు. సరుకు యజమాని ఇంకో బండి పంపుతాడు. డ్రైవర్లకు కరువా?

క్లాసులో ఈ కేసు చెప్పి, బండి గురించి మీరేం అడుగుతారని నేను అడిగితే అందరూ ఆర్సీ ఎవరి పేరున ఉందో చూస్తామంటారు. చూశారు కూడా. ఆ పేరు గలాయన పోయి రెండేళ్లయింది. కానీ చచ్చిపోయినాయన బండికి ఏటేటా ఇన్సూరెన్స్ ఎవరు కడుతున్నారు? ఫాస్టాగ్‌లో డబ్బులు ఎవరు వేస్తున్నారు? చలానాలు ఎవరు తీరుస్తున్నారు? ఫాస్టాగ్ రీచార్జ్ అనకాపల్లిలో ఒక టైలరింగ్ షాపు ఆవిడ ఖాతా నుంచి పడుతోంది. ఆవిడ ఖాతాలోకి నెలకోసారి బయటి రాష్ట్రం నుంచి డబ్బు వస్తోంది. అదే ఖాతా నుంచి ఇంకో నాలుగు బండ్ల ఫాస్టాగ్‌లకీ రీచార్జ్ అవుతోంది. డ్రైవరు నోరు విప్పకుండానే ఐదు బండ్లు, రెండు రాష్ట్రాలు, ఒక వాటాదారు బయటికొచ్చారు. అప్పటిదాకా అది ఒక వ్యాన్ కేసు.

అందుకే డబ్బు దర్యాప్తు నేరం దర్యాప్తుతో పాటే మొదటి రోజే మొదలవ్వాలి. ఇది నా సొంత తెలివి కాదు. నల్లడబ్బు కట్టడికి 1989లో జీ-7 దేశాలు పెట్టిన ఎఫ్ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ 40 సిఫారసుల్లో 30వది చెప్పేది ఇదే: పెద్ద ఎత్తున డబ్బు తెచ్చిపెట్టే నేరాలన్నింటిలోనూ పక్కపక్కనే ఆర్థిక దర్యాప్తు నడపమని. మన దేశం అందులో 2010లో సభ్యత్వం తీసుకుంది. వాళ్లు మనల్ని తనిఖీ చేసి 2024లో మొత్తం మీద బాగానే మార్కులు వేశారు గానీ, కోర్టుల్లో కేసులు తేలడం చాలా ఆలస్యమవుతోందని గట్టిగానే చెప్పారు. పుస్తకంలో ఉన్నంత మాత్రాన స్టేషన్‌లో జరగదు. చార్జిషీటు గడువు తరుముతుంటే ఆ ఎస్సైకి ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తెప్పించుకోవాలన్న ఆలోచన ఎప్పుడొస్తుంది?

ఇక మీ అలర్ట్‌ల సంగతి. మీకు నచ్చుతుందని నా ఇడ్లీ కేసు చెబుతాను.

ఒక టిఫిన్ సెంటర్ కరెంట్ అకౌంట్. వారానికి ఆరు రోజులు నగదు జమ: 48,000, 49,200, 47,500, 48,900. ఎప్పుడూ 50 వేలు దాటదు. దాటితే పాన్ అడుగుతారని ఎవరో చెప్పుంటారు. ఖాతా తెరిచిన రోజే పాన్ ఇచ్చిన సంగతి మర్చిపోయినట్టున్నాడు. సిస్టమ్ అలర్ట్ ఇచ్చింది. బ్రాంచ్ వాళ్లు "హోటల్ వ్యాపారం, నగదు జమలు సహజం" అని రాసి మూసేశారు. మూడు నెలలకి మళ్లీ అలర్ట్, మళ్లీ అదే వాక్యం. కాపీ, పేస్ట్.

ఒక శనివారం పొద్దున్నే ఆరున్నరకి వెళ్లి అక్కడే టిఫిన్ చేశాను. ఐదు బల్లలు, ఇరవై కుర్చీలు. ప్లేటు ఇడ్లీ 30 రూపాయలు. పదకొండింటికి మూసేస్తారట, సాయంత్రం తెరవరు. రోజుకి 48 వేలంటే 1,600 ప్లేట్లు. ఒక్కో కుర్చీలో పొద్దున్నే 80 మంది కూర్చుని లేవాలి. అంటే ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు కూడా లేదు. సగం పార్సిళ్లే అనుకున్నా ఏడెనిమిది నిమిషాలు. నేను కూర్చున్న ముప్పావుగంటలో లెక్కపెట్టింది 26 మందిని. చట్నీ మాత్రం బాగుంది, అబద్ధం చెప్పకూడదు.

తిరిగొచ్చి ఖాతాలో ఖర్చుల వైపు చూశాను. 1,600 ప్లేట్లు అమ్మేవాడు మినప్పప్పు బస్తాలు కొనాలి, 19 కిలోల గ్యాసు బండలు వరసగా దించుకోవాలి, పిండి రుబ్బే మిషన్లకి కరెంటు బిల్లు కట్టాలి. గ్యాసు ఏజెన్సీకి వెళ్లిన డబ్బు నెలకి మూడు బండలకి సరిపడా, అంతే. మిగతాదంతా వచ్చిన రెండు రోజుల్లోపు ఇద్దరు మనుషులకి ఆన్‌లైన్లో వెళ్లిపోతోంది. వాళ్లలో పప్పుల వ్యాపారి ఒక్కడూ లేడు.

నల్లడబ్బు తెల్లగా మారేది, అంటే మనీ లాండరింగ్ జరిగేది, ఇలాగే. నగదు ఎలాగోలా బ్యాంకులోకి దూరుతుంది, ఆ ఖాతా నుంచి ఈ ఖాతాకి తిరిగి ఆనవాలు చెరుపుకుంటుంది, చివర్లో స్థలమో ఫ్లాటో అయి పెద్దమనిషిలా కూర్చుంటుంది. మొదటి మెట్టు దగ్గర ఉండేది బ్యాంకు కౌంటరే. రెండో మెట్టుకి వెళ్లాక దాన్ని పట్టాలంటే పది బ్యాంకుల రికార్డులు కావాలి. మూడో మెట్టుకి వెళ్లాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, కోర్టు, ఇంకో పదేళ్లు.

ఆ ఖాతా మీద ఎస్టీఆర్ పంపాను. తర్వాత ఏమైందో నాకూ తెలీదు. మీ ఫిర్యాదు నేను తొమ్మిదేళ్లు మోసిందే కాబట్టి దాని గురించి కొంచెం చెబుతాను. మన రిపోర్టులు వెళ్లేది ఢిల్లీలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కి, 2004 నవంబర్‌లో పెట్టారు. వాళ్లు దర్యాప్తు చేయరు, అరెస్టులు చేయరు. అన్ని బ్యాంకుల నుంచి వచ్చినవి కలిపి చూసి, పనికొచ్చేది ఈడీకో, ఆదాయపు పన్ను శాఖకో, ఎన్ఐఏకో, పోలీసులకో ఇస్తారు. మీ రిపోర్టులో ఉన్న ఫోన్ నంబరే ఇంకో బ్యాంకు రిపోర్టులో ఉంటే ఆ రెండూ కలిసేది అక్కడే, మన బ్రాంచ్‌లో కాదు. ఒక్కోసారి ఆ కలయిక మూడేళ్ల తర్వాత జరుగుతుంది. అందుకే ఫోన్ నంబరు, చిరునామా, నామినీ పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా ఎక్కించండి. ఇది కాగితం పని అనిపిస్తుంది గానీ, ఆ ఫోన్ నంబరులో ఒక అంకె తప్పయితే రెండు రిపోర్టులూ ఎప్పటికీ కలవవు.

ఎస్టీఆర్‌లో అనుమానానికి కారణం రాసే గడి మీదే మీ తెలివంతా పెట్టండి. "ఖాతాదారు లావాదేవీలు ప్రొఫైల్‌కి తగ్గట్టు లేవు" అని రాస్తే చదివేవాడికి ఏం తెలుస్తుంది? అలాంటివి లక్షల్లో వస్తాయి. "20 కుర్చీల టిఫిన్ సెంటర్, పొద్దున ఐదు గంటల సేపే తెరుస్తారు, సగటున రోజుకి 48 వేల నగదు జమ, గ్యాసు కొనుగోళ్లు నెలకి 3 సిలిండర్లు, 48 గంటల్లో డబ్బు ఫలానా రెండు ఖాతాలకి, ఆ ఖాతాల్లో కిరాణా సంబంధం కనబడలేదు" అని రాస్తే చదివేవాడు ఆగుతాడు. మీరు నేరం రుజువు చేయక్కర్లేదు. లెక్క ఎక్కడ పొసగలేదో చూపిస్తే చాలు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఒక ఇంజనీరింగ్ కుర్రాడి పొదుపు ఖాతా. ముందు ఒక రూపాయి జమ, తర్వాత పది రూపాయలు, వారం తర్వాత ఒక్కసారిగా రెండు లక్షల ఎనభై వేలు. పావుగంటలో ఆరు ముక్కలై వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే "ఫ్రెండ్ వాళ్ల నాన్న ఆపరేషన్‌కి చందాలు సార్" అన్నాడు. గొంతులో కంగారు కూడా నిజమైన కంగారే అనిపించింది. నమ్మి క్లోజ్ చేశాను. కొన్ని నెలలకి వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు. ఆ రెండు లక్షల ఎనభై వేలు ఒక రిటైర్డ్ టీచరువి. కుర్రాడు ఏటీఎం కార్డు, సిమ్ కలిపి కొన్ని వేలకి ఎవరికో అమ్మేశాడు. ఒక రూపాయి జమ దేనికో నాకప్పుడు తట్టలేదు: ఖాతా బతికుందో లేదో చూసుకుంటున్నారు. ఇవాళ ఇలా దొంగసొమ్ము దాటించడానికి వాడే ఖాతాలు (మ్యూల్ ఖాతాలు అంటారు) పట్టడానికి రిజర్వ్ బ్యాంకు వాళ్ల ఇన్నోవేషన్ హబ్ మ్యూల్‌హంటర్ అనే సాధనం తయారుచేసింది. అప్పట్లో ఉన్నది నా కళ్లజోడే.

ఇప్పుడు ఉగ్రవాద నిధులు. మీ ప్రశ్నలో అసలైన ముడి ఇదే. చిన్న మొత్తాలు ఎలా కనబడతాయన్నది న్యాయమైన అనుమానం. 2008 ముంబై దాడుల్లో దుండగులతో వాళ్ల వెనక ఉన్నవాళ్లు మాట్లాడిన ఇంటర్నెట్ ఫోన్ లైను తెరవడానికి ఇటలీలోని బ్రెషియా నుంచి పంపిన మొత్తం 229 డాలర్లు. ఏ కంప్యూటరైనా 229 డాలర్లకి అలర్ట్ ఇస్తుందా? ఇవ్వదు. ఇస్తే మన ఊళ్లో సగం ఇళ్లకి అలర్ట్ రావాలి, గల్ఫ్ నుంచి డబ్బు రాని వీధి ఉందా?

లాండరింగ్ కేసులో మనం వెనక్కి చూస్తాం: ఈ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఉగ్రవాద నిధుల్లో ముందుకి చూడాలి: ఇది ఎక్కడికి పోతోంది? ఆ డబ్బు జీతం కావచ్చు, చందా కావచ్చు, దుకాణం లాభం కావచ్చు, అంతా తెల్లడబ్బే. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) 17వ సెక్షన్ కూడా ఆ మాటే అంటుంది: సొమ్ము సక్రమంగా వచ్చిందా అక్రమంగా వచ్చిందా అన్నది కాదు, ఉగ్రవాద చర్యకి వాడతారని తెలిసి పోగుచేస్తే నేరమే. అందుకే ఇక్కడ మొత్తాన్ని బట్టి వేట పనికిరాదు. ఎక్కువసార్లు పేరు ముందు వస్తుంది, డబ్బు తర్వాత. నిఘా వాళ్లు ఒక పేరిస్తారు, ఆ పేరు చుట్టూ ఉన్న 200, 500 రూపాయల చెల్లింపులు అప్పుడు మాట్లాడతాయి. ఏ రోజు ఏ ఊళ్లో రీచార్జ్ చేశాడు, ఏ లాడ్జిలో గది తీసుకున్నాడు, ఎవరికి టికెట్ కొన్నాడు. అంతకుముందు అవి పోచికోలు లావాదేవీలు.

మన విశాఖకే తెలిసిన ఉదాహరణ ఉంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, వాళ్లతో పాటు ఒక హవాలా ఆపరేటర్‌నీ అరెస్టు చేసినట్టు ప్రకటించారు. ఆపరేషన్‌కి మన డాల్ఫిన్స్ నోస్ కొండ పేరే పెట్టారు, తర్వాత కేసు ఎన్ఐఏకి వెళ్లింది. అది గూఢచర్యం కేసు, అచ్చంగా ఉగ్రవాద నిధుల కేసు కాదు. అయినా ఆ జాబితాలో ఓ హవాలా మనిషి ఉన్నాడన్న సంగతి చూడండి. ఫేస్‌బుక్ పరిచయాలు, రహస్య సందేశాలు ఎన్ని ఉన్నా, కుర్రాళ్లకి రూపాయలు అందించాలంటే ఈ దేశంలో ఒక మనిషి కావాల్సివచ్చింది.

హవాలా అంటే సినిమాల్లో సూట్‌కేసులు చూపిస్తారు గానీ, నిజానికి అందులో డబ్బు కదలదు. అక్కడ ఒకడికి ఇస్తారు, ఇక్కడ వాడి మనిషి ఇస్తాడు. గుర్తు ఒక పది రూపాయల నోటు నంబరు. నోటు ఫొటో ముందే ఫోన్‌కి వస్తుంది, నోటు తెచ్చినవాడికి సొమ్ము. ఆ నోటే రసీదు. ఇద్దరి మధ్యా బాకీ తర్వాత బంగారంతోనో, సరుకు బిల్లుల్లో తేడాలతోనో సర్దుకుంటారు. అందుకే సోదాలో జేబులో పది రూపాయల నోటు విడిగా, మడత పడకుండా కవర్లో దొరికితే దాన్ని పర్సులో డబ్బుతో కలిపి పంచనామాలో "నగదు రూ.1,460" అని రాయొద్దని క్లాసులో నెత్తీనోరూ కొట్టుకుంటాను.

సరుకు బిల్లులు అన్నాను కాబట్టి రొయ్యల మాట. రొయ్య ధర కౌంట్ మీద ఉంటుందని మనకి తెలుసు. కిలోకి 30 తూగితే ఒక ధర, 100 తూగితే ఇంకో ధర. కంటెయినర్‌లో ఉన్నది వంద కౌంట్, కాగితం మీద నలభై కౌంట్. బయటి దేశంలో కొనేవాడు మనవాడి బంధువే, "ఎక్కువ ధర" పంపిస్తాడు. అక్కడ దాచిన సొమ్ము ఎగుమతి ఆదాయం వేషంలో, పైగా ప్రోత్సాహకాలతో సహా ఇంటికొస్తుంది. బ్యాంకులో కూర్చుని ఇన్వాయిస్, షిప్పింగ్ బిల్ పోల్చుకుంటే రెండూ చక్కగా సరిపోతాయి, ఎందుకంటే రెండూ రాసింది వాడే. సరిపోనిది చెరువు గట్టు మీద కాటా వేసిన చీటీ. రైతుకి ఇచ్చింది వంద కౌంట్ ధర.

చట్టాల గురించి మీరు అడగలేదు గానీ, ఒకటి రెండు తెలియకపోతే అత్యాశ పడతారు. మనీ లాండరింగ్ చట్టం 2002ది, అమల్లోకి వచ్చింది 2005 జులై 1న. దాని కింద కేసు నిలవాలంటే వెనక ఒక అసలు నేరం ఉండాలి. అసలు కేసులో కొట్టేస్తే లాండరింగ్ కేసూ పోతుందని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే గంజాయి కేసు పంచనామా సరిగ్గా రాయకపోతే ఎంత గొప్ప లెక్క కట్టినా వృథా. ఈడీ ఆస్తి తాత్కాలికంగా జప్తు చేస్తే 180 రోజుల్లోపు ఆ చట్టం కింద పెట్టిన అడ్జుడికేటింగ్ అథారిటీ ఖాయం చేయాలి. డ్రగ్స్ చట్టంలో విడిగా దారి ఉంది, అందులో ఫ్రీజ్ ఉత్తర్వుకి 30 రోజుల్లో ఆమోదం రావాలి. ఆ గడువులు కాగితాల మీదే దాటిపోయిన సందర్భాలు చూశాను. 2024 జులై నుంచి అమలవుతున్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్ 107వ సెక్షన్ నాకు నచ్చింది. మామూలు పోలీసు కూడా ఎస్పీ అనుమతితో కోర్టుకి వెళ్లి నేరపు సొమ్ము జప్తు అడగొచ్చు, బాధితులకి పంచే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. ఎంత వాడతారో చూడాలి.

నాకు కోపం తెప్పించే సంగతి ఒకటుంది. ఖాతాలు ఫ్రీజ్ చేయడాన్నే దర్యాప్తు అనుకోవడం.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపలామె. ఎవరో ఒకతను వంజరం కొని 1,200 ఫోన్‌లో కొట్టాడు. అతని ఖాతాలోకి అంతకుముందు ఎక్కడో సైబర్ మోసం డబ్బు వచ్చింది. గొలుసులో ఆవిడ నాలుగో లింకు. వేరే రాష్ట్రం నుంచి ఒక మెయిల్, ఖాతా మొత్తం బంద్. అందులో 38 వేలు, పడవ వాళ్లకి పొద్దున్నే కట్టాల్సినవి. "నానేటి సేసినాను బావూ, సేప ఇచ్చినాను, డబ్బుచ్చుకున్నాను" అని బ్రాంచ్ మెట్ల మీద కూర్చుంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఆ 1,200 వరకే కదలకుండా ఆపి, అంటే లీన్ పెట్టి, ఊరుకుంటే సరిపోయేది. 19 రోజులు పట్టింది విడిపించడానికి. ఈలోపు ఆవిడ వడ్డీకి తెచ్చిన డబ్బుకి ఎవరు బాధ్యులు? మోసపోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆ మొదటి గంట రెండు గంటల్లో ఆపితేనే డబ్బు దక్కుతుంది, అందులో వాదన లేదు. కానీ నాలుగు చేతులు మారాక డబ్బు అందుకున్నవాడు దొంగో, చేప అమ్మినవాడో చూడటమే దర్యాప్తు. ఆ ఖాతాలో రోజూ పొద్దున్నే వంద చిన్న జమలు, మధ్యాహ్నానికి పడవ వాళ్లకి ఒక పెద్ద చెల్లింపు. స్టేట్‌మెంట్ అరపేజీ చదివితే చాలు, అది చేపల బుట్టని తెలుస్తుంది.

మీ రోజువారీ పనికి పనికొచ్చేది ఒక్కటి చెబుతాను. అలర్ట్ వచ్చినప్పుడు జమల వైపు కంటే ఖర్చుల వైపు ముందు చూడండి. వచ్చే డబ్బుకి ఎవడైనా కథ చెబుతాడు. కరెంటు బిల్లు, గ్యాసు, జీతాలు, అద్దె, ఇవి లేని వ్యాపారం ఉండదు. ఇవేవీ కనబడని "వ్యాపారం" ఖాతా చూస్తే బూట్లు వేసుకుని బయటికి వెళ్లండి, ఆ అడ్రసులో షట్టరు ఉందో లేదో చూసి రండి.

చివరిగా, మీ ప్రశ్నలో నాలుగో పేరాలో మీ బ్రాంచ్‌లోని మూడు ఖాతాల గురించి, వాటికి ఒకే ఫోన్ నంబరు ఉండటం గురించి రాశారు. వ్యాపారం పేరు కూడా సగం చెప్పేశారు. పైన మీ ప్రశ్న తిరగరాసినప్పుడు నేను కావాలనే ఆ ముక్క వదిలేశాను. అనుమానం సంగతి ఖాతాదారు చెవిన పడకూడదన్నది మన పనిలో మొదటి నియమం, ఇక్కడ చదివేవాళ్లలో ఎవరున్నారో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ పేరా ఇప్పుడే తీసేయండి. రేపు పొద్దున్నే మీ బ్యాంకులో ఈ రిపోర్టులకి బాధ్యుడైన ప్రిన్సిపల్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పంపండి. ఆ ఖాతాదారులకి మాత్రం ఫోన్ చేయకండి.